పేరమ్మ దీపం, మోటారు గది బల్లి

ఏందిరా, పాడుబావి కాడి మోటారు గది సంగతి చెప్పమంటారా? చింతచెట్టు నీడ పడే ఆ గది పక్కకి పట్టపగలు గూడా ఎవరూ పోరు గదా, గొడ్లను గూడా చుట్టు తిప్పి తోలుకొస్తారు. చెబుతా గానీ మధ్యలో ఎవరన్నా కిసుక్కున నవ్వారంటే లేచిపోతా, నాకసలే ఆ గది పేరెత్తితే ఒళ్లు మండిపోతది.

మా మరిది చెంచయ్య ఆ గదిలోనే కరెంటు కొట్టి పోయాడు. ఆ పొద్దు పెళ్లాంతో పోట్లాడి, అన్నం ముందు నుంచి లేచి పోయాడా, ఇక మళ్లీ రాలేదు. నా తోడికోడలు పేరమ్మకి అదే మనసులో పట్టుకుంది. రోజూ పొద్దుగూకే వేళ ఆ గది గూట్లో దీపం పెట్టి, తినమని బతిమాలలేదని నా మీద కోపమా అని అడిగేదంట, అడగంగానే గోడ మీద నుంచి టక్ టక్ టక్ మని వినపడేదంట. ఇంకేముంది, చెంచయ్య దెయ్యమై పలుకుతున్నాడని ఊరంతా పాకింది, ఈమె రాత్రి కూడు మానేసి ఎండుకుపోయింది. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని నాకు భయమేసింది.

నేను ఊరుకుంటానా? చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించా. చూడవే, అది దెయ్యం గాదు, బల్లి. మట్టిరంగు ఒళ్లు, రెప్పల్లేని గుడ్లు, వాటిని నాలికతో అదే తుడుచుకుంటది, వేళ్ల కింద మెత్తలుంటయ్ గాబట్టి పైకప్పుకి తలకిందులుగా అతుక్కుంటది అని చెప్పా. చీపురుతో అదిలిస్తే తోక తెంచి పడేసి పోయింది. ఆ తోక నేల మీద గిలగిలా కొట్టుకుంటా ఉంటే, మళ్లీ మొలుస్తదిలే, కంగారు పడబాక అన్నా. స్విచ్చి బోర్డు వెనక తెల్లటి గుడ్లు రెండు గూడా చూపించా. రెండు నెలలకో మూడు నెలలకో పిల్లలొస్తయ్, తల్లి సాకేదీ లేదు పెట్టేదీ లేదు, పుట్టంగానే పురుగుల వేటే, ఏడాది తిరిగేలోపు పెద్దవై అవీ ఇదే గోడ మీద పలుకుతయ్ అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పా.

అంతా విని ఏమందో తెలుసా? "బల్లేనా అక్కా? దెయ్యమైతే అబద్ధమాడతదేమో అనుకున్నా. బల్లి పలికిందంటే నిజమే గదా" అని వేలితో నేల తట్టి "సత్యం" అంది. నేనెక్కడ తల బాదుకోను చెప్పండి?

సరే, బల్లి మాటే వింటది గదా అని రోజూ వెంట పోయి, చెంచయ్యకి కోపం లేదు అని గట్టిగా అనేదాన్ని. పలికితే ఒట్టు! నేను అన్నంతసేపూ ఆ బల్లి మూగదాని మాదిరి చూస్తా కూర్చునేది, దాని నోరు పడిపోను. దీపం మానెయ్యవే, ఆ వెలుగుకి పురుగులొస్తయ్, పురుగుల కోసం బల్లి వస్తది, నువ్వే మేపుతున్నావు దాన్ని అని తిట్టా. "దీపం లేకపోతే ఆయన చీకట్లో ఎట్లా ఉంటాడక్కా" అంది. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది నాకు.

ఆ కోపమా కోపమా అనుకుంటానే పోయిన వానల్లో పోయింది పేరమ్మ. ఇప్పుడక్కడ దీపం లేదు, పురుగు లేదు, బల్లికి పనేముంది? మొన్న తప్పిపోయిన బర్రె కోసం అటు పోయి, అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి, చెంచయ్యకి కోపం లేదు అన్నా. ఖాళీ గోడ మీద నుంచి టక్ టక్ టక్.

ఇప్పుడా పలికేది? వినాల్సిన మనిషి పోయినాక ఎవరికి కావాలి దాని సత్యం?

అటు పోబాకండి. పోయినా ఆ ముదనష్టపు గోడని ఏమీ అడగబాకండి.