మీటరు తిరగని కారు

తమ్ముడి చేత కారు నడిపించుకుని షెడ్డుకు వచ్చిన ఆవిడ, డీలరు ఇచ్చిన చీటీని చేతిలో నలుపుతోంది. మెకానిక్ బానెట్ దించాడు.

“ఇంజెక్టర్లు క్లీన్ చేయించాల్సిందేనంటున్నారు. నిజమేనా అన్నయ్యా?”

“దండగమ్మా. పాత సర్వీసు స్టిక్కరు చూస్తే, ఆర్నెల్లలో మీటరు పన్నెండు కిలోమీటర్లే తిరిగింది. స్టార్ట్ చేసి నిలబెట్టేస్తున్నారా?”

“రోజూ ఎనిమిదింటికి, పది నిమిషాలు. నాకు నడపడం రాదు.”

“మరెందుకమ్మా స్టార్ట్ చేయడం?”

“మా ఆయన పోయిన సంగతి అత్తయ్య పడుకుని లేస్తే మర్చిపోతారు. రోజూ కొత్తగా చెప్పి ఏడిపించలేను. కారు చప్పుడు వింటే కొడుకు పనికి వెళ్లాడనుకుని నాలుగు ముద్దలు తింటారు.”

మెకానిక్ తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

“క్లీనింగ్ వద్దమ్మా. రోజూ కాస్త దూరం నడిపితే చాలు.”

“నేర్చుకోవాలి అన్నయ్యా. నిన్న అత్తయ్య అడిగారు, ‘వాడు బండి స్టార్ట్ చేయడం వినబడుతోంది, వెళ్లడం వినబడదేమే?’ అని.”