గేటు ముందు ఊలు ఉండ

గని కంపెనీ గేటు. దాని ముందు కుర్చీలు వేసుకుని ఊలు అల్లుతున్న ముసలమ్మలు. లోపలికి వెళ్ళలేక ఆగిపోయిన డ్రిల్లింగ్ లారీ. మేనేజరు, వాచ్‌మన్, వాచ్‌మన్ అత్తగారు.

“తాళంచెవి ఎక్కడమ్మా అని మర్యాదగా అడుగుతున్నాను.”

“అయ్యో, తాళంచెవితోపాటు మర్యాద కూడా ఎక్కడో పెట్టి మర్చిపోయారనుకున్నా బాబూ. దొరికిందన్నమాట!”

“వేళాకోళం వద్దు. చీకటి పడితే మా అనుమతి గడువు అయిపోతుంది. యంత్రం ఈలోపే లోపలికి వెళ్ళాలి.”

“వెళ్ళమనండి. మా చేతుల్లో ఏముంది? ఊలూ, పుల్లలూ. మీరు కొండకి మందు పెట్టొచ్చు గానీ మేం మీకు పుల్ల పెట్టకూడదా?”

“వాచ్‌మన్! రాత్రి తాళం వేసింది నువ్వేగా?”

“వేశాను సార్.”

“మరి తాళంచెవి?”

“జేబులోనే... పొద్దున చూసుకుంటే... నాకేం తెలీదు సార్.”

“అతనికేం తెలుస్తుంది బాబూ! మా అల్లుడే. ఇంట్లో మా అమ్మాయంటే భయం, ఇక్కడ మీరంటే భయం. మధ్యలో కాస్త తీరిక దొరికితే నాకు భయపడతాడు.”

“అత్తయ్యా, ఊరుకోండి...”

“ఊరుకోవడం నీకు అలవాటయ్యా, నాకు కాదు. ఆ కొండ తవ్వితే మన బావి ఎండుతుందని తెలిసీ, తవ్వేవాళ్ళకే కాపలా! పొద్దున పక్కన కూర్చుని ఊలు చుట్టిపెడితే, పోన్లే, మనవైపు వచ్చాడనుకున్నా. జీపు కనపడగానే సెల్యూటు!”

“ఏంటీ, డ్యూటీలో ఊలు చుట్టావా?”

“అత్తయ్యకి చేతులు నొప్పన్నారని సార్...”

“చుట్టడం ఒక్కటే వచ్చు బాబూ అతనికి. కాసేపు ఊలు చుట్టడం, మిగతా కాలం మీ చుట్టూ తిరగడం.”

“అబ్బా, ఇదొకటి కాలికడ్డం! తీసుకోండి మీ ఉండ. ఇంత బరువేంటి?”

“పొద్దుట్నుంచీ మిమ్మల్ని తిట్టుకుంటూ అల్లుతున్నా. తిట్లన్నీ అందులోకే దిగుంటాయి.”

“అసలేంటిది, ఇంత పొడుగు?”

“మీ యంత్రానికి స్వెట్టరు. తుప్పు పట్టేదాకా ఇక్కడే ఉంటుందిగా, చలేస్తుంది పాపం.”

“ఇక లాభం లేదు. సుత్తి తీసుకురా, తాళం పగలగొట్టు!”

“సుత్తికి లొంగదు సార్. వీళ్ళు పగలగొడతారని మీరే కదా ఏరికోరి ఈ తాళం తెప్పించారు.”

“కట్టర్?”

“టౌను నుంచి రావాలి సార్. రేపటికి గానీ రాదు.”

“ఓహోహో! మమ్మల్ని ఆపడానికి తెచ్చిన తాళం, మీ మాట కూడా వినట్లేదా బాబూ?”

“నవ్వండి, బాగా నవ్వండి. నువ్వు మాత్రం రేపట్నుంచి పనిలోకి రాకు. ఒక్క తాళంచెవి దాచడం చేతకానివాడు గనికేం కాపలా కాస్తాడు?”

“సార్... సార్...”

“జీపెక్కేశాడయ్యా. పరిగెత్తు, ఇంకా దుమ్ము కనపడుతోందిగా, దాని కాళ్ళు పట్టుకో! పరువెలాగూ లేదు, ఇప్పుడు ఉద్యోగమూ పోయింది. నా కూతురికేం చెప్తావు? తాళంచెవి ఎక్కడ పారేసుకున్నావసలు?”

“అత్తయ్యా.”

“ఏంటి?”

“కాస్త నెమ్మదిగా అల్లండి.”

“ఎందుకూ? నీ ఉద్యోగానికి సంతాపమా?”

“చీకటి పడేదాకా ఆ ఉండ అయిపోకూడదు. తాళంచెవి లోపల పెట్టి చుట్టాను.”