కట్టిపెట్టిన ఐడియా

జర ఫ్యాన్ తక్కువ జెయ్యి స్పందనా, దారమంత ఆగమైతున్నది. ఏందీ? ఐడియా అన్న మాటకు ఎన్ని అర్థాలున్నయో రాసుకరమ్మన్నరా? డిజైన్ కాలేజని వేలు గడితే గిదా సదువు జెప్పేది? గది మీ తాతనడగాలె బిడ్డా, నన్ను గాదు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ముక్క గదొక్కటే. గంపెడు పనులకు వాడుకున్నడు. ఎక్కడ దొరికిందంటవా? మేం మూసారాంబాగుల కిరాయికుండంగ పక్క పోర్షన్ల మల్లికార్జునరావు సారుండె. విజయవాడ దిక్కాయన, పిల్లగాండ్లకు ట్యూషన్ జెప్తుండె. ఒకనాడు నల్లా కాడ లొల్లయితుంటే, 'కోదండం గారూ, నాకో ఐడియా వచ్చిందండీ, రోజుకొకళ్లం ముందు పట్టుకుందాం' అన్నడు. సారు పిలిచినట్టు జెప్తున్న గని మీ తాత పేరు నేనెన్నడు నోట్లెకు రానియ్యలే, మీ నాయిన పేరు వెట్టి 'కృష్ణ నాయినా' అనే పిలుస్తుంటి. గంతే, నీళ్ల సంగతి మర్చిపోయి మాటను పట్టుకొని ఇంట్లెకొచ్చిండు.

ఇగ జూడు నా తిప్పలు. దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణంల నౌకరీ గద, ఎవరన్న గిరాకీ వచ్చి గా రంగు చీర ఉన్నదా అంటే 'ఐడియా లేదమ్మా' అంటుండె, అంటే ఎరుక లేదని. పప్పుల ఉప్పెంత ఎయ్యాల్నంటే 'ఐడియా మీద ఎయ్యవే', అంటే అందాజుగ. మీ నాయిన కృష్ణ బడి ఎగ్గొడితే 'ఐడియాలు జేస్తున్నవారా?' అని చెవు వట్టి మెలివెట్టుడు. నన్ను మా అమ్మగారింటికి పంప బుద్ధి గాకపోతే, 'వానొస్తదని నాకొక ఐడియా' అంటుండె. మొగులు మీద మబ్బు తునక గూడ ఉండకపోతుండె! నవ్వకు. రాసుకో, అన్నీ అర్థాలే గద అవి.

గా బస్సు ముచ్చట జెప్పిన్నా నీకు? చెప్పలే? పోచంపల్లి దిక్కు మనూరికి పెండ్లికి పోతున్నం. ఎల్బీనగర్ల బస్సుకు జనం ఈగలోలె మూగిన్రు. అందరు కిటికీల నుంచి దస్తీ ఏసి సీటు ఆపుతరు గద. మీ తాత 'దస్తీ ఎవడన్న తీసి పారేస్తడే, నాకొక ఐడియా ఉన్నది' అని పెండ్లికూతురికి పట్టుకపోతున్న పట్టుచీర మూటనే సీట్ల ఏసిండు. పట్టుచీరను ఎవడు కిందేస్తడని ధైర్యం. మేం డోర్ కాడికి పోయేసరికి బస్సు పోనే పోయె! చీర కూసొని పోయింది, మేం నిలవడ్డం. నేను నెత్తి కొట్టుకొని ఏడుస్తుంటే ఏమన్నడనుకున్నవు? 'ఐడియా మంచిదే లింగమ్మా, బస్సే మంచిది గాదు.' ఏడుపుల నవ్వొచ్చింది నాకు. గసొంటి మనిషి.

ఎక్కడున్న? ఆఁ, దారం కాడ. మనూళ్లె నేసెటోళ్లందరు డిజైన్‌ను గళ్ల కాయితం మీద గీసుకొని, దాన్ని జూసుకుంట దారానికి కట్లు గడ్తరు. కట్టిన కాడ రంగెక్కదు, తెల్లగుంటది, నేసినంక పువ్వో చిలకో తేలుతది. మీ తాతకు కాయితం లేదు ఏం లేదు. దుకాణం నుంచి వచ్చి చాయ్ తాగి, గిదే బడంగ్‌పేట ఇంటి డాబా మీద కూసొని, సైకిల్ ట్యూబు సన్నగ కోసిన పట్టీలతోని కట్టుకుంట పోవుడే. ఏం పువ్వు అంటే 'చెప్తే పోతది' అంటుండె. గీ కట్ట గూడ గట్లనే. నా చీర కోసమని కట్టిండు, నాలుగు నెలలు. కట్టుడు అయింది, రంగుల ముంచుడు మిగిలింది. గుండెల నొప్పని దవాఖానకు తీస్కపోయినం.

నువ్వు పుట్టకముందు ముచ్చట. ఇరవై రెండేండ్లాయె. మీ తాత తమ్ముడు గోపయ్య ఊర్లెకెల్లి వచ్చినప్పుడల్లా 'వదినె, రంగుల ముంచియ్యి, మగ్గం నాది, నేను నేస్త' అంటడు. ఉండనియ్యి అంటుంటి. మీరందరు ఏమనుకున్నరు? పీనాసి ముసల్ది, ఆయన గుర్తని దాసుకున్నదనే గద. కాదు బిడ్డా. ఎవ్వరికి చెప్పలే నేను. దవాఖానల మూడో దినం పగటిపూట, మూడు దినాల సంది నిద్రలేక నా తల దిమ్ము దిమ్ము అంటున్నది. గోలీల చీటి చేతుల వట్టుకొని కూసున్న. మీ తాత నా దిక్కు తిరిగి 'లింగమ్మా, దానికి రంగేం ఎయ్యమంటవు? నీ ఐడియా ఏంది?' అన్నడు. ముప్పై ఏండ్ల సంసారంల ఆయన ఐడియాలే విన్న నేను, నన్నడిగింది గదొక్కసారే. నేనేమన్న? 'రంగులెందుకయ్యా ఇప్పుడు, సప్పుడు జెయ్యక పండుకో' అన్న. కోపంగనే అన్న. 'సరేలే, ఇంటికి పోయినంక జెప్పు' అన్నడు. ఇంటికి రాలే.

గందుకే. అడిగినోడికి చెప్పక, ఇంకెవరికో ఎట్ల జెప్తనే? గని మొన్న పెట్టె తీస్తే నాలుగు కట్లు రాలిపోయున్నయి. రబ్బరు ఎండి పటుక్కుమంటున్నది. ఇంక ఒక్క ఎండాకాలమైతే అన్నీ రాల్తయి, ఉత్త తెల్లదారం మిగుల్తది. ఆయన నాలుగు నెలలు ఏం తలుసుకున్నడో ఎవ్వరికి తెల్వకుంట పోతది. నా మొండితనానికి ఆయన పని పోవద్దు గద. గందుకే నీతోని రంగు పొట్లాలు తెప్పిచ్చిన. తే ఇటు. నీలం పక్కన వెట్టు. నల్లది లోపల వెట్టు, నాకు కనవడనియ్యకు.

ఎర్రది. కృష్ణ నాయినా, ఎర్రది ఎయ్యి. నాకు అప్పుడు గూడ ఎరుకనే.

…ఏం జూస్తున్నవే నన్ను? పొయ్యి మీది గిన్నె దిక్కు జూడు, రంగుకు పెట్టిన నీళ్లు మసులుతున్నయి.