నడిపేకొద్దీ నిండే ట్యాంకు

మీటర్ల మేస్త్రి చేతికి టీ గ్లాసు అందిందంటే ఇక ఆ పూటకి ఎవరి పనులూ సాగవని టీ కొట్టు పిన్నికి తెలుసు. ఆ రోజు మాత్రం ఆయన ఊరికే కోతలు కొయ్యడం లేదు, పని మీద కోస్తున్నాడు. బెంచీ చివర మందుల షాపాయన కూర్చున్నాడు. ఆయన నాన్నగారి పాత కారు ఇంజిన్ పట్టేసి మూలపడింది. కొత్త ఇంజిన్ వేయించాలి, కానీ నాన్న చూసుకుంటూ నడిపిన ఆ గుండ్రటి మీటర్లు ఉన్నచోటే ఉండాలి, పనిచెయ్యాలి. ఏ షెడ్డుకి వెళ్ళినా "అవి పీకేసి స్క్రీన్ పెడదాం సార్" అన్నారట. అలాంటి బండి మీద చెయ్యి వెయ్యాలని మేస్త్రికి ప్రాణం కొట్టుకుంటోంది.

"నా బండే చూడండి సార్," అని ఎదురుగా ఆపిన తన పాత కారు చూపించాడు. "ఇంజిన్ కొత్తది, మీటర్లు బండి పుట్టినప్పటివి. వేడి మీటరు బిగించే చోట కొత్త ఇంజిన్‌కి మర వేరు, పాతది పట్టదు. లేతు మీద ఇత్తడి ముక్క తిప్పించి మధ్యలో కూర్చోబెట్టా. అంతే."

మందుల షాపాయన తలూపాడు. అక్కడితో ఆగితే ఆయన మన మేస్త్రి ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ముల్లు ఎంత బాగా కుదిరిందంటే, ఇంజిన్ వేడి సరే, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ ఒంటి వేడి కూడా చూపించడం మొదలెట్టింది. మా ఆవిడ ఎక్కిందంటే చాలు, ఎర్ర గీత దాటేసేది. జ్వరం కాదండోయ్, కోపం!"

"ఈ ముక్క మా అక్క ఎదురుగా అను బావా," అన్నాడు పక్కనే ఉన్న బావమరిది.

"నువ్వుండరా! ఇక స్పీడు మీటరు. దాని కేబులు తిప్పే పళ్ళచక్రం కొత్త గేర్‌బాక్సులో లేదు. ఆకురాయితో రాసి రాసి నేనే చేశా. రోడ్డెక్కి తొక్కానా, ముల్లు చివరి అంకె దాటి, కిందనుంచి తిరిగొచ్చి, సున్నా దాటి రెండో చుట్టు అందుకుంది! ఊరి బయట మలుపులో హారన్ కొట్టి, ఇక్కడికొచ్చి, ఇదే బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే, అప్పుడు వినిపించింది సార్ ఆ హారన్, వెనకాల్నుంచి రొప్పుకుంటూ!"

"ఆ రోజు నీకు టీ పోసినట్టు నాకు గుర్తులేదే," అంది పిన్ని.

"నువ్వు పోసేలోపే తాగేసి వెళ్ళిపోయా పిన్నీ! అంత స్పీడు!"

మందుల షాపాయన నవ్వేసి, గ్లాసు కింద పెట్టి లేవబోయాడు. బండి చేజారిపోతోంది! అందుకే మేస్త్రి దాచుకున్న ముక్క బయటికి తీశాడు. తమాషా ఏమిటంటే, ఆ ముక్క మొదట్లో మాత్రం కల్తీ లేని నిజం.

"పెట్రోలు మీటరు సంగతి వినండి సార్. కొత్త ఇంజిన్‌కి పంపు ట్యాంకులోనే ఉంటుంది కదా, దాంతోపాటు పెట్రోల్లో తేలే బుడ్డి కూడా కొత్తదే వచ్చింది. మీటరేమో పాతది. అప్పట్నుంచీ, ఒట్టు, బండి నడిపేకొద్దీ ముల్లు పైకెళ్తోంది! మార్కెట్టుకెళ్ళొస్తే సగం, అత్తగారింటికెళ్ళొస్తే ముప్పావు! ఇంజిన్ తాగడం మానేసి పాడిగేదెలా ఇవ్వడం మొదలెట్టింది. మొన్న మూత తీస్తే పొంగి వీధిలో పారింది, వీధిలో స్కూటర్లన్నిటికీ బక్కెట్లతో పోశా. బంకువాడు ఏడుస్తూ వచ్చి, 'మీ బండి కాసేపైనా ఆపండి మేస్త్రిగారూ, నా పొట్ట కొట్టకండి' అని కాళ్ళు పట్టుకున్నాడు!"

"ఇప్పుడెంతుంది?" అన్నాడు మందుల షాపాయన.

"ఫుల్లు! పొద్దున్నే చూశా."

"అయితే పదండి, మీ బండిలోనే మా ఇంటికెళ్దాం. దారిలో మీటర్లు చూస్తా. నచ్చితే నా బండి మీకే."

మేస్త్రి గంతేసినంత పని చేశాడు. ముగ్గురూ ఎక్కారు. బండి టీ కొట్టు దాటింది, వీధి మలుపు తిరిగింది, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా అంతే. పెట్రోలు ముల్లు మాత్రం ఫుల్లు మీద దర్జాగా నిలబడింది.

మందుల షాపాయన దిగి, వంగి ట్యాంకు మీద వేలితో కొట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది.

"మేస్త్రిగారూ, పోయిన సారి పెట్రోలు పోయించినప్పుడు ఈ ముల్లు ఎటు పోయింది?"

"అడుక్కి పోయింది సార్. అదే కదా వింత..." అంటూండగానే మేస్త్రి గొంతు దిగిపోయింది. కొత్త బుడ్డి ఒక లెక్క, పాత మీటరు దానికి తిరగబడ్డ లెక్క: ట్యాంకు నిండితే ఖాళీ అని, ఖాళీ అయితే ఫుల్లు అని చూపిస్తోంది. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

చేసేది లేక మేస్త్రి స్టీరింగు పట్టుకుని కూర్చుంటే, మిగతా ఇద్దరూ వెనక చేరి తొయ్యడం మొదలెట్టారు.

"అయితే సార్... మీ బండి?" అన్నాడు మేస్త్రి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

"ఇస్తాను," అన్నాడు మందుల షాపాయన, తోస్తూనే. "వేడి ముల్లు, స్పీడు ముల్లు చూశా, పని బాగుంది. ముందు ఈ పెట్రోలు ముల్లుని సరిచెయ్యండి. లోపల ఏమీ లేకపోయినా నిండుగా చూపించడానికి మీరొక్కరు చాలరా, మీటరు కూడా ఎందుకు?"