గదిలో లేని బాబాయ్

పంతొమ్మిది వందల ఎనభై మూడు, కొలరాడోలో ఒక ఆదివారం. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే: యూనివర్సిటీలన్నీ పంచుకునే పరిశోధన విమానం ఎవరికి ఎన్ని గంటలో తేల్చే కమిటీలో సభ్యుడు యోగానంద్, ఆయన భార్య జానకీదేవి, వడగళ్ళ మబ్బుల మీద పరిశోధన చేసే డాక్టర్ నళిని. నళిని కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నా గంటలు కొట్టేయించింది మీరే, బాబాయ్ గారూ. ఒప్పుకోండి."

"కొట్టేసింది కమిటీ."

"కమిటీలో వడగళ్ళ సంగతి తెలిసింది మీ ఒక్కరికే. మీరు నోరు విప్పి ఉంటే..."

"ఎలా విప్పను? గదిలో లేను."

"లేరా? ఎక్కడికెళ్ళారు?"

"కారిడార్‌లోకి. కాఫీ తాగుతూ నిలబడ్డాను."

"నా జూన్ ఫ్లైట్లు పోతుంటే కాఫీ తాగారు."

"ఏమండీ, గొంతు తగ్గించండి. నళినీ, చారు కాగుతోంది. ముందు ఇంత తిను."

"తినను పిన్నీ. జూన్‌లో మబ్బులోకి వెళ్ళకపోతే ప్రాజెక్ట్ లేదు. ప్రాజెక్ట్ లేకపోతే నా ఉద్యోగం లేదు. ఆ విమానం ఈయన సొంతమా? అందరిదీ."

"అందరిదీ కాబట్టే రూల్స్. ఏడాది ముందు అడగాలి. మెషీన్ల బరువు చెప్పాలి. ఒకే దారిన పోయేవాళ్ళు కలిసి ఎక్కాలి. చుట్టాల పేరు వస్తే సభ్యుడు లేచి బయటికి పోవాలి."

"చుట్టాలా? మీది నెల్లూరు, మాది ఏలూరు. నేను మీకేమవుతాను?"

"ఆ మాట మొన్న విమానం షెడ్డులో, ఆ హ్యాంగర్‌లో, కమిటీ ఛైర్మన్ ముందు అనాల్సింది."

"అక్కడ నేనేమన్నాను?"

"'బాబాయ్ గారూ, నా మెషీన్ విమానం ముక్కు దగ్గర పెట్టించండి' అని కేకేశావు. బాబాయ్ అంటే ఏమిటని ఆయన అడిగాడు. నాన్న తమ్ముడన్నావు."

"పెద్దవారిని పేరు పెట్టి పిలవలేక అంటాం. అది ఎవరికి తెలియదు?"

"ఆయనకి తెలియదు. మీటింగ్‌లో నీ పేరు రాగానే నాకు తలుపు చూపించాడు."

"కాదని అప్పుడే చెప్పచ్చుగా."

"అంతమందిలో, ఈ పిల్ల నాకేమీ కాదు అననా?"

"అనాల్సింది. మీ మర్యాద నా కొంప ముంచింది."

"మర్యాదా? పోయిన ఆదివారం ఇదే టేబుల్ దగ్గర తిన్నావే, అది కూడా మర్యాదేనా?"

"మరేమిటి? నేను మీకేమీ కాను. ఆ మాట వాళ్ళకి చెప్పండి, చాలు."

"సరే. రేపు కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. పరాయి మనిషి అని చెప్పి గదిలోనే ఉంటాను. నీ మబ్బుల కోసం వాదిస్తాను."

"మాట తప్పరుగా?"

"తప్పను. ఇంటికి వస్తూ పోతూ ఉంటుందా అని అడుగుతారు. నేను అబద్ధం ఆడను. ఇక రాదు అంటాను."

"ఏమండీ, ఆదివారాలు కూడానా?"

"ఆదివారాలు కూడా, జానకీ. వినలేదూ, మనకేమీ కాదట."

"పిన్నీ, నేను అన్నది ఆయన్ని. మిమ్మల్ని కాదు. విమానం కోసం..."

"నన్ను పిన్నీ అనకండి. మీ పిన్ని ఏలూరులో ఉంటారు, డాక్టర్ గారూ. గుమ్మంలోంచి కాలు తీయండి, తలుపు వేయాలి."