మంగళవారం పడవలు

ఉన్నాను సరోజినీ. మీ అక్క పోయిన రాత్రి పక్కన లేకుండా ఎక్కడికి పోతాను? కాకపోతే అప్పుడు నా చేతిలో ఉన్నది తెడ్డు, మీ అక్క చెయ్యి కాదు. అదెందుకలా అయ్యిందో మొదట్నుంచీ చెప్తేగానీ అర్థం కాదు. ఫోను మధ్యలో పెట్టారా? అరుగు చివర కూర్చున్నోళ్ళకి కూడా వినపడతందా? అయ్యగారికి వందనాలండి. ఆదరణ కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు, చెప్తాను. చదువు లేనోణ్ణి, వాక్యం ఎత్తి చెప్పడం నా వల్ల కాదు, జరిగింది జరిగినట్టు చెప్తాను. మీకింకా పదకొండేగా, ఇక్కడ టౌరంగాలో చీకటి పడిపోయింది. జులై నెల ఇక్కడ చలికాలం. మా అమ్మాయి బెట్సీ కార్డు గీకి, నంబరు కొట్టి, ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకెళ్ళిపోయింది.

ఏంటంటే, ఇక్కడ టీవీలో కొత్త సీరియల్ ఒకటి మొదలెట్టారు. మంగళవారం మంగళవారం ఎనిమిదిన్నరకి. వైకింగులంట, శాక్సన్లంట, వెయ్యేళ్ళ నాటి మాటంట. వైకింగులంటే పడవలేసుకొచ్చి దోచుకుపోయేవోళ్ళు, శాక్సన్లంటే ఒడ్డున ఉండి చచ్చేవోళ్ళు. అంతే కథ. ఊరు ఊరంతా అదే గోల. పక్కింటి కివీ ముసలాయన, అదే, ఈ దేశపు తెల్లాయన, కంచె మీద చేతులేసుకుని మా పూర్వీకులు శాక్సన్లే అనేవోడంట, బెట్సీ చెప్పేది. మా బెట్సీతో పాటు హాస్పిటల్లో నర్సు చేసే విక్టోరియా ప్రతి మంగళవారం మా ఇంటికొచ్చి చూసేది, ఇంగ్లీషు మాకు తెలుగులో చెప్పేది, పీక కోసినప్పుడల్లా రక్తం అలా రాదంకుల్, ఇంకా ఎక్కువొస్తదని సరి చేసేది. ఇక్కడి మన తెలుగు పాస్టరు గారైతే అన్యదేవతల సీరియల్ చూడొద్దని ఆదివారం గట్టిగా చెప్పి, బయట కారు దగ్గర నన్ను పక్కకి పిలిచి, మొన్న సగంలో కరెంటు పోయింది దేవపాల్ గారూ, ఆ ముసలి రాజు బతికాడా అనడిగాడు.

మా ఇల్లు రెండు పార్టీలైపోయింది. మీ అక్క రాజ్యం శాక్సన్ల పక్క, ఎందుకంటే వాళ్ళది మన మతం, నడినెత్తిన గుండ్రంగా గొరిగించుకున్న పాదిరీలున్నారు. నేను వైకింగుల పక్క, ఎందుకంటే పడవ. నలభై ఏళ్ళు రేవులో పడవేసినోణ్ణి, మతం చూస్తానా, పడవ చూస్తానా?

మొదటి వారం చూసి నాకు కడుపు మండిపోయింది. ఎర్ర చారల తెరచాప, ముందు పాము తల, అంతా బాగానే ఉంది గానీ తెడ్డు పట్టుకోడం రాదు ఒక్కడికీ. నేను సోఫా మీంచి లేచి, కాలు తన్ని పట్టండ్రా, నడుం వెనక్కి ఒరగనివ్వండ్రా అని అరిచాను. వినపడదు అంకుల్ అంటే వినపడదని విక్టోరియా నవ్వింది. పై మంగళవారం ఏమైందనుకుంటన్నారు? అందరూ కాళ్ళు తన్ని పట్టి, నడుం ఒరిగించి, మన రేవులో వేసినట్టే వేస్తన్నారు.

"ఒరేయ్ దేవపాలూ, గోదారి ఒడ్డునుండి చూస్తే ఎవడేసినా అలాగే ఉంటదిరా."

కిష్టయ్యా, ఉన్నావా నువ్వు? నీ గొంతు లేకపోతే నేను తప్పు ఊరికి చేశాననుకున్నాను. వినెహె. నా మాట విన్నారు వాళ్ళు. మూడో వారం వాళ్ళ చుక్కాని పట్టుకున్నోడు, గడ్డం రెండు జడలేసుకున్నోడు, సముద్రం చూడాల్సినోడు తల తిప్పి సూటిగా నాకేసి చూశాడు. ఎటు, అన్నట్టు. నేను సోఫాలోంచి చెయ్యి చూపించాను, ఎడమకి కొట్టు, అక్కడ ఇసుక మేట ఉంది అని. కొట్టాడు. మేట తప్పించాడు. ఆ వారం నుంచి ఆ దండుకి సరంగు నేనే.

అప్పుడు చూశాను ఇంకో సంగతి. పక్కకి పదహారు తెడ్లు. ఎడమ పక్క వెనక నుంచి మూడో చోట మనిషి లేడు. తెడ్డుంది, బల్ల ఉంది, మనిషి లేడు. ప్రతి వారం అంతే. అందరూ ఎంత ఇరుక్కుని కూర్చున్నా ఆ చోటులోకి ఎవడూ జరగడు. విక్టోరియాకి చూపిస్తే, నాకు నిండుగానే కనపడతంది అంకుల్ అంది.

ఇక మీ అక్క సంగతి. ఆవిడకి టీవీ టీవీలా కనపడదు కదా సరోజినీ, నీకు తెలుసు. నాలుగో వారం చివర్లో సముద్రపొడ్డున రాతి గుడి, లోపల పాదిరీలు పాడతన్నారు, దూరంగా తెరచాపలు. అక్కడికి ఆపేశారు, మిగతాది వచ్చే వారం. మీ అక్క ఆదివారం మందిరంలో, ప్రార్థన విన్నపాలు చెప్పుకోండి అనగానే లేచి నిలబడింది. సముద్రపొడ్డున ఒక మందిరం ఉందండి, పన్నెండు మంది దైవసేవకులున్నారండి, మంగళవారం సాయంత్రం వాళ్ళ మీదకి పడవలొస్తన్నాయండి, ప్రార్థించండి అంది. అందరూ మన కోస్తాలో ఏదో అయ్యిందనుకున్నారు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, ప్రభువా ఆ పడవల దారి తప్పించు తండ్రీ అని ఐదు నిముషాలు గట్టిగా ప్రార్థన చేసేశారు. చిన్నపిల్లలు ఆమెన్ అన్నారు. తర్వాత బెట్సీ సిగ్గుతో చచ్చిపోయి అసలు సంగతి చెప్పింది. మీ అక్కకి సిగ్గు లేదు. "చచ్చేవోడి కోసం ప్రార్థన చెయ్యమన్నాడు దేవుడు. ఏ చానల్లో చస్తన్నాడో చూసి చెయ్యమన్లేదు" అంది.

నవ్వండి, నవ్వండి, అయ్యగారు కూడా నవ్వుతన్నారు, వినపడతంది. మంగళవారం ఏం జరిగిందో వింటే నవ్వరు.

మంగళవారం పడవలు ఒడ్డుకి వస్తన్నాయి, వస్తన్నాయి, ఇంకో బారెడు దూరం అనగా మంచు దిగింది. తెల్లగా, గోడలాగా. పాము తల కనపడ్డం మానేసింది. గుడి నిలిచింది. పాదిరీలు బతికారు.

"పొగ గొట్టం పెట్టుంటార్రా వాళ్ళే."

అది సరే కిష్టయ్యా, మరి మా కిటికీ బయట మంచు ఎవరు పెట్టారు? కర్టెన్ తీసి చూస్తే పక్కింటి లైటు లేదు, రోడ్డు లేదు, సందు చివర డైరీ, అదే, కిరాణా కొట్టు, దాని బోర్డు రాత్రంతా వెలుగుతది, అదీ లేదు. ఆ మంచులో, ఎక్కడో కింద, హార్బరు వైపు నుంచి తెడ్ల చప్పుడు. పదహారు ఒక పక్క. ఇంకో పక్క పదిహేను. లెక్కపెట్టాను. ఆ పడవలు దారి తప్పినయ్యి నిజమే. తప్పి ఎటొచ్చినయ్యో నాకొక్కడికే తెలుసు. దారి తప్పించమన్నదెవరో వాళ్ళకీ తెలిసిపోయింది.

రెండు రోజులకి మీ అక్కకి ఆయాసం మొదలైంది. గుండెలో నీరు చేరిందన్నాడు డాక్టరు. ఒంట్లో నీరు ఎలా చేరతది, ఎవరు పోస్తే చేరతది? నేనడిగాను, బెట్సీ ఇంగ్లీషులోకి చెప్పలేదు. మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఆ తర్వాత మీ అక్క సీరియల్ చూళ్ళేదు, మంచం మీంచి చప్పుడు వినేది. ఎవరు చచ్చిపోయారు అని గదిలోంచి అడిగేది. ఎవరూ చావలేదు పడుకో అనేవోణ్ణి.

అలా ఆఖరి మంగళవారం వచ్చింది. సీరియల్ అయిపోయే రోజు. బెట్సీకి నైట్ డ్యూటీ, విక్టోరియాకీ అదే డ్యూటీ. ఇంట్లో నేనూ, గదిలో మీ అక్క. హీటరు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. బొమ్మ వచ్చింది. సముద్రం లేదు అందులో, మాటల్లేవు, పాట లేదు. పడవొక్కటే ఉంది, ఇటు మొహం పెట్టి. ముప్పై ఒక్కమందీ తెడ్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు, నీళ్ళు కారతన్నాయి, ఒక్కడూ రెప్ప వెయ్యడు. జడల గడ్డం వోడు ఈసారి నన్ను చూళ్ళేదు. నా భుజం మీంచి వెనక్కి చూస్తన్నాడు. నా వెనక ఉన్నది గది తలుపు.

ఉప్పు వాసనొచ్చింది. కాళ్ళ కింద కార్పెట్ తడి. చూస్తే అడుగులు, పెద్ద పెద్ద తడి అడుగులు, టీవీ దగ్గర మొదలై సోఫా పక్క నుంచి పోతన్నాయి, వేసేవోడు లేడు, అడుగు ఒకటే పడతంది. నేను లేచి పరిగెత్తి తలుపుకి అడ్డం నిలబడ్డాను. ఆవిడ మీ పడవ మనిషి కాదురా, ప్రార్థనలు చేసుకునే ముసల్ది, తెడ్డు పట్టడం కూడా రాదు అన్నాను. అడుగులు ఆగినయ్యి. నా బొటనవేలు దగ్గరకొచ్చి ఆగినయ్యి. అప్పుడు జడల గడ్డం వోడు చెయ్యెత్తి ఆ ఖాళీ చోటు చూపించాడు.

ఆ చోటేగా మీకు నిండాల్సింది, నలభై ఏళ్ళ సరంగుని నేనుండగా మంచంలో మనిషెందుకురా అన్నాను. అని వెళ్ళి కూర్చున్నాను. బల్ల ఎంత చల్లగా ఉందనుకున్నారు, శవాన్ని కడిగే బల్లలాగుంది.

వింటన్నావా కిష్టయ్యా?

ఇక వేశాం. హార్బర్లోంచి బయట పడ్డాం, దుంగలెత్తుకుని పోయే ఓడలు, నాలుగంతస్తులవి, మేం పక్క నుంచి పోతంటే ఉయ్యాలూగినట్టు ఊగినయ్యి. మౌంట్ కొండ దాటాం. నా తెడ్డు దెబ్బకి మిగతావోళ్ళు అందుకోలేకపోయారు, పడవ నా పక్కే తిరిగిపోతంటే కొంచెం తగ్గించుకున్నాను. మంచు కొండలు అడ్డొస్తే తెడ్డుతో పక్కకి నెట్టాను. ఇండియా వైపు తిప్పండని నేనే అన్నాను. గంటలో, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర అలలు తగిలినయ్యి, మన నీళ్ళు, నాలిక మీద పెట్టుకుంటే తెలవదా? గోదాట్లోకి ఎక్కాం. సరోజినీ, మీ ఇల్లు చూశాను. మీకప్పుడు పగలేగా, అరుగు మీద ఎండ కొడతంది. ఈ కిష్టయ్య చాప మీద నోరు తెరుచుకుని పడుకున్నాడు.

అక్కడ, రేవు ముందు, మన ఎండ పడవ మీద పడింది. అప్పుడు కనపడ్డాయి వీపులు. అప్పటిదాకా నేను చూడలేదు, వెయ్యేళ్ళ నాటి తెల్లోళ్ళే అనుకున్నాను. నా ముందు కూర్చున్నోడి మెడ మీద కాలిన మచ్చ. అది మా నాన్నది. ఆ పక్కనోడు ఎడమ భుజం దించి వేస్తన్నాడు. కిష్టయ్యా, ఎడమ భుజం దించి వేసేవోడు మన రేవులో ఒక్కడే.

"మా అన్న."

మీ అన్నే. తుఫానొచ్చిన ఏడాది శవం దొరకలేదు కదా. దొరకలేదంటే ఎక్కడో ఒక చోట ఉండాలిగా. ముప్పై ఒక్కమందీ మనోళ్ళే, మునిగిపోయినోళ్ళు. ఎవరికీ ఊపిరి లేదు, మధ్యాహ్నం ఎండలో ఆరేసిన బట్టలెంత కదుల్తాయో అంతే కదుల్తన్నారు.

"ఏమన్నా అన్నాడా?"

వెనక్కి తిరగలేదు కిష్టయ్యా. నేను పిలిచాను. తిరగలేదు.

తిరిగి వచ్చేశాం. రేవులో ఎవర్నీ దిగనివ్వలేదు నేను, దిగితే ఊరేమైపోవాలి. సీరియల్ అయిపోయే టైముకి పడవని మా ఇంటి ముందు గడ్డిలో కట్టేశాను. నా పని అయిపోయింది, నా మాట నేను నిలబెట్టుకున్నాను, ఇక పొండ్రా అన్నాను. పోయారు. అరచేతులు బొబ్బలెక్కిపోయినయ్యి. గదిలోకెళ్ళి మంచం మీద కూర్చుని మీ అక్క చెయ్యి పట్టుకున్నాను. గెలిచొచ్చాను రాజ్యం అన్నాను. కళ్ళు తెరిచింది. అప్పుడు మీ అక్క నాతో ఏమందనుకున్నావు సరోజినీ? నీ పేరే చెప్పింది ముందు. మా చెల్లికి చెప్పండి అని...

"ఏమీ అన్లేదు బావగారూ."

ఏంటమ్మా?

"మా అక్క ఏమీ అన్లేదు. బెట్సీ నాకు ఆ పొద్దున్నే చెప్పింది. డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీ ఆడతానే ఉందంట, మీరు సోఫాలో పడుకునే ఉన్నారంట. మీరు నిద్రపోయారని నాకు కోపం లేదు. పడవలో ఎవర్నెక్కించుకుంటే ఎక్కించుకోండి, వింటాను. మా అక్క నోట్లో మాటలు మాత్రం పెట్టకండి. నాకొకటే కావాలి. ఆ రాత్రి అక్క పిలిచిందా, లేదా?"

ఫోనెవరూ కట్టెయ్యలేదుగా. ఉన్నారా అందరూ.

పిలిచిందమ్మా.

ఏవండీ, అంది. నాకు వినపడింది. సీరియల్లో యుద్ధం జరుగుతంది. సౌండు ఎక్కువైందని అంటందేమో, పడుకోనివ్వమంటందేమో అనుకున్నాను. రిమోట్ తీసి తగ్గించాను. మళ్ళీ పిలిచింది. పూర్తిగా తీసేశాను సౌండు. ఇక పిలవలేదు. మాటల్లేకుండా బొమ్మలు కొంచెం సేపు చూశాను, కత్తులు, పడవలు. ఎప్పుడు నిద్ర పట్టిందో నాకు తెలవదు.

తెల్లారేసరికి రాజ్యం లేదు.