పండగ దగ్గు

పండగ పూట వంటిల్లు. పొయ్యి దగ్గర అత్తా, నాలుగు నెలల కొత్త కోడలూ. గోడకు అవతల దేవుడి గదిలో పుస్తకం చదువుతూ మామగారు. ముందు గదిలో పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టని ఇరవై నాలుగు మంది చుట్టాలు. మామగారు పుస్తకం మూసి, దేవుడి ముందు మొదటి గిన్నె పెడితే గాని ఆ ఇంట్లో ఎవరి నోట్లోకీ ముద్ద పోదు.

"వేశావా, లేదా?"

"వేశాను అత్తయ్యా."

"ఎంత?"

"గుప్పెడు. మీరు చెప్పినట్టే."

"నా గుప్పెడా, నీ గుప్పెడా?"

"అదేం చెప్పలేదు మీరు. గుప్పెడంటే నా గుప్పెడే వేశాను. అయినా ఎందుకలా చూస్తున్నారు?"

"ఎలా చూస్తున్నాను?"

"కొంప అంటుకున్నట్టు."

"ఏం లేదు. కూర కదుపు. అడుగంటుతుంది."

"కదుపుతూనే ఉన్నాను. ఏమైందో చెప్పండి."

"నేనూ వేశానేమోనని."

"ఏంటీ?"

"ఉప్పు. నువ్వు గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్లావు చూడు, అప్పుడు. వేశాననిపిస్తోంది. కాదు కాదు, పప్పులో వేశాను. కూరలో... ఉండు, ఆలోచించుకోనీ."

"అత్తయ్యా, ఇది ఇరవై నాలుగు మంది తినే గిన్నె!"

"నాకు తెలీదా? అరవకు. మీ మామయ్య వింటారు."

"పప్పులోనా, కూరలోనా?"

"చెయ్యి పప్పు వైపు వెళ్లింది. అంతవరకు గుర్తుంది. వెళ్లి అక్కడే ఆగిందో, ఇటు తిరిగిందో..."

"చెయ్యి మీదే కదా!"

"ఈ చెయ్యి ముప్పై ఒక్క పండగలు వండింది. ఇప్పుడు దాన్ని నిలదీస్తే ఏం చెబుతుంది పాపం?"

"సరే, ఉప్పు జాడీ చూద్దాం. పొద్దున ఎంతుంది?"

"నిండా ఉంది."

"ఇప్పుడు సగం."

"అయితే వేశాను. నా కర్మ, వేశాను."

"ఆగండాగండి. పొద్దున మీ అబ్బాయి ఒక గిన్నెడు పట్టుకెళ్లారు. కాళ్లు లాగుతున్నాయని వేడినీళ్లలో వేసుకోవడానికి."

"పండగ ఉప్పు కాళ్లకా! వీణ్ణి కన్నందుకు నన్ననాలి. ఎంత పట్టుకెళ్లాడు?"

"నేను చూడలేదు."

"చూడాలి కదా, పెళ్లాడావు కదా!"

"అత్తయ్యా, ఒక్క మాట. చెంచా చివర ఒక్క చుక్క. నాలుక్కి అలా తగిలించి ఇలా..."

"అమ్మాయ్!"

"ఏమన్నాను?"

"దేవుడి ముందు గిన్నె పెట్టేదాకా వంట ఎవరి నాలుకకీ తగలకూడదు. తగిలిందా, ఎంగిలే. ఎంగిలి తీసుకెళ్లి దేవుడికి పెడతామా? నువ్వు ఇందాకట్నుంచి వాసన కూడా చూస్తున్నావు, నేను గమనించలేదనుకోకు."

"నేను చూడట్లేదు, అదే వస్తోంది. ముక్కు తీసి ఎక్కడ పెట్టుకోను?"

"నోటితో ఊపిరి తీసుకో. మా అత్తగారు నా చేత అలాగే చేయించేవారు."

"ఏమోయ్! ఎంతవరకు వచ్చింది?"

"అయిపోవస్తోందండీ! ...చూశావా, మీ మామయ్యే. ఇది పేరుకే గోడ."

"గొంతు ఎలా ఉందోయ్?"

"బాగానే ఉందండీ!"

"బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉందండీ!"

"ఓహో. అయితే ఇంకో అధ్యాయం చదువుతాను."

"మామయ్యగారు మీ గొంతు సంగతి ఎందుకడిగారు?"

"పండగ రోజు నాకు దగ్గొస్తుంది. పోపు ఘాటు పడదు. నువ్వు కూర సంగతి చూడు."

"పక్కింటి టైలరమ్మకి ఒక చెంచా ఇచ్చి అడిగితే? ఆవిడకి మన నియమాలు లేవు కదా."

"దేవుడి కంటే ముందు టైలరమ్మా! రేపు జాకెట్టు కొలతలు తీస్తూ ఒక్కొక్కళ్లకీ చెబుతుంది. వీధి వీధంతా మన ఉప్పే."

"పోనీ, పిల్లికి?"

"పిల్లి ముట్టిందీ ఎంగిలే."

"వేరే గిన్నెలో కొంచెం పోసి..."

"పిల్లి తిని ఏమంటుంది? ఉప్పెక్కువైందని ఉత్తరం రాస్తుందా?"

"మొహం తిప్పుకుంటే ఎక్కువైనట్టు."

"ఆ పిల్లి నన్ను చూసినా మొహం తిప్పుకుంటుంది. నాలో ఉప్పెక్కువైందా?"

"అయితే మీ అబ్బాయిని పిలుస్తాను. ఆయనకి భక్తి కొంచెం..."

"వాడికి భక్తి లేకపోయినా సర్దుకుంటాను. నోట్లో నువ్వుగింజ నానదు, అదీ బాధ. చెంచా కింద పెట్టకముందే కబురు వాళ్ల నాన్న చెవిలో ఉంటుంది."

"మరేం చేద్దాం?"

"ముందు గదిలో ఎవరొచ్చారో చూశావా?"

"మామయ్యగారి అక్కయ్యగారు. సరిగ్గా మధ్యలో కూర్చున్నారు, ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని."

"మా పెద్ద వదిన. మొదటి ముద్ద ఆవిడదే. తిని ఒక్క మాట అంటుంది. ఆ మాట ఇంక ఈ జన్మకి చెరగదు. మాడు పిన్ని లేదూ?"

"ఆఁ, నేనే అడుగుదామనుకున్నాను. ఆవిడ అసలు పేరేంటి?"

"ఏమో."

"తోడికోడలి పేరు తెలీదా మీకు?"

"తెలిసే ఉండేది. పందొమ్మిదేళ్ల కిందట పండక్కి నాకు జ్వరం వస్తే తను వండింది. అన్నం అడుగంటింది. పెద్ద వదిన ఒక ముద్ద తిని 'మాడు' అంది. అంతే. మొన్న వాళ్లమ్మాయి పెళ్లి కార్డులో కూడా అలాగే రాసిచ్చారు. ప్రెస్సు అతనికి అనుమానమొచ్చి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది."

"అంటే రేపట్నుంచి నేను..."

"ఉప్పు కోడలు."

"అనకండి!"

"ముసలిదానివయ్యాక ఉప్పు బామ్మ."

"నేనొచ్చి నాలుగు నెలలే అయింది. సగం మందికి నా పేరే తెలీదు. తెలియకముందే పోతుందా? నాకు నా పేరు కావాలత్తయ్యా. మా అమ్మ పదిరోజులు ఆలోచించి పెట్టుకున్న పేరు అది."

"ఏడవకు. కూరలో పడితే అదో ఉప్పు."

"ఏమోయ్! మందు సీసా అలమారలో పెట్టాను, చూశావా?"

"చూశానండీ! అవసరం పడలేదు!"

"పడలేదూ?"

"లేదండీ!"

"సరే, సరే. నేను చదువుతూ ఉంటాను."

"ఎంత ప్రేమత్తయ్యా మామయ్యగారికి! ప్రతి పండక్కీ దగ్గు మందు తెస్తారా?"

"ముందురోజే తెచ్చి పెట్టేస్తారు. ఇవాళ్టిదాంతో ముప్పై సీసాలు. ఒక్కదాని మూత కూడా తీయలేదు నేను."

"అదేంటి? ఎందుకు?"

"దగ్గుంటే కదా."

"పండగ రోజు దగ్గొస్తుందని ఇప్పుడే అన్నారు!"

"కూర కదుపు."

"అత్తయ్యా."

"కదుపంటున్నానా!"

"అత్తయ్యా, ఇటు చూడండి. నా మొహంలోకి చూసి చెప్పండి."

"తలుపు దగ్గరికి వెయ్యి."

"వేశాను."

"గరిటె గిన్నెకి తగిలితే చప్పుడవుతుంది. వేడి కూర జుర్రితే చప్పుడవుతుంది. గోడ ఎలాంటిదో విన్నావుగా. దగ్గితే ఆ రెండూ వినబడవు."

"అంటే మీరు..."

"నోరు ముయ్యి, ఈగ దూరుతుంది."

"ముప్పై ఏళ్లా?"

"ముప్పై దగ్గులు. మొదటి పండక్కి మాత్రం నిజంగా చూడలేదు. నిజాయితీగా వండాను. నిజాయితీ ఎంత ఉప్పగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ముద్దకొక చెంబుడు నీళ్లు తాగారు అందరూ. పెద్ద వదిన నోరు తెరవబోతే మీ మామయ్య, 'కొత్తది అక్కయ్యా, ఈసారికి వదిలెయ్' అన్నారు. ఆ ఒక్క మాటతో బతికిపోయాను. మిగిలిన కూరంతా ఆయనొక్కరే తిన్నారు. మర్నాడు మొహం వాచిపోయింది మనిషికి."

"మరి అందరూ మీ చేతికి దేవుడు కొలతిచ్చాడంటారు!"

"కొలత ఇవ్వలేదు. దగ్గిచ్చాడు."

"అయితే ఇంకేం! అనవసరంగా నా గుండె ఆపేశారు. దగ్గండి. చెంచాడు చూసి చెప్పేయండి."

"చెప్పగలిగితే నీ చేత ఉప్పెందుకు వేయిస్తాను? నిన్న పాలు సలసలా కాగుతుండగా తాగాను. నాలుక కాలింది. దాని మీద ఉప్పు పెట్టినా ఒకటే, సున్నం పెట్టినా ఒకటే."

"అయ్యో."

"అందుకని నువ్వు దగ్గు."

"నేనా?"

"గట్టిగా అక్కర్లేదు. రెండుసార్లు చాలు. మధ్యలో చెంచా."

"నా వల్ల కాదు."

"ఇందాక నువ్వే కదా చెంచా చివర అంటూ గునిశావు!"

"మీరు వద్దంటారని తెలుసు కాబట్టి గునిశాను. ఇప్పుడు సరేనంటే భయమేస్తోంది."

"భయమెందుకు? నేను లేనూ?"

"మామయ్యగారికి మాటిచ్చానత్తయ్యా. వచ్చిన రోజే పిలిచి కూర్చోబెట్టారు. 'అమ్మాయ్, ఉద్యోగం చేసుకో, నీకు నచ్చిన బట్ట కట్టుకో, ఎవరూ అడ్డురారు. పండగ పూట మాత్రం దేవుడి కంటే ముందు తినకు' అన్నారు. మా ఇంట్లో ఇవన్నీ లేవు. పండగంటే పొయ్యి దగ్గరే సగం తినేసేవాళ్లం. అయినా ఆయన మొహం చూస్తే కాదనాలనిపించలేదు. సరేనన్నాను. ఇప్పుడు ఆయన గొంతు గోడ అవతల వినబడుతుంటే ఇవతల చెంచా నోట్లో పెట్టుకోనా?"

"నాకు మాత్రం వినబడలేదా ఆ గొంతు, ముప్పై ఏళ్లు?"

"నేను మిమ్మల్ని అనలేదు."

"అనకపోయినా తగిలింది. ఆయన దగ్గర దాచింది ఇదొక్కటే, అమ్మాయ్. ప్రతి పండక్కీ ఒక ముద్ద తిని, 'సరిగ్గా సరిపోయింది' అని నా వైపు చూసి నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ముద్ద దిగదు. ఇన్నేళ్లూ తన చేతుల మీదుగా దేవుడికి ఎంగిలి పెట్టించానని తెలిస్తే, మళ్లీ నా చేతి వంట తినగలరా ఆయన?"

"అత్తయ్యా, అయ్యో, ఏడవకండి. కూరలో పడితే అదో ఉప్పని మీరే అన్నారు."

"నవ్వించకు, దౌర్భాగ్యురాలా."

"ఒక పని చేద్దాం. ఉన్నదున్నట్టు వడ్డించేద్దాం. ఎక్కువైతే రెండు గుప్పిళ్లూ నేనే వేశానంటాను."

"ఉప్పు కోడలంటారే నిన్ను!"

"అననివ్వండి. మీ చేతికి ఇన్నేళ్ల పేరుంది, అది అలాగే ఉండాలి. నా పేరు ఎలాగూ ఎవరికీ తెలీదు."

"పిచ్చి మొహమా. నీకా పేరు పడనిస్తానా నేను? పెద్ద వదిన నోరు తెరిచేలోపే లేచి చెప్పేస్తాను, రెండోసారి వేసింది నేనని. దగ్గు సంగతి కూడా చెప్పేస్తాను. ఒక్క దెబ్బకి వదిలిపోతుంది."

"మామయ్యగారి ముందా!"

"ఆయన ముందే. ఎన్నాళ్లని దగ్గను? ...ఉండు. ఏం చదువుతున్నారో విను."

"దారి తప్పిన బాటసారి కథ. ఇందాక కూడా అదే కదా?"

"ఇందాకా అదే, అంతకుముందూ అదే. ఈ పాటికి ఎప్పుడో మూసేయాల్సింది పుస్తకం. పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు కూడానూ."

"పండగ కదా, భక్తి పొంగి ఉంటుంది."

"ఇన్నేళ్లలో ఏనాడూ ఇంత పొంగలేదు. అదుగో, ఆపేశారు."

"వంటింట్లోకి వస్తున్నారా?"

"లేదు. గోడ దగ్గరికి వచ్చారు. ష్!"

"ఏమోయ్, మెల్లిగా చెబుతాను, విను. అక్కయ్య ఆకలికి పళ్లెం కొరికేలా ఉంది. నేను ఈ బాటసారిని నాలుగుసార్లు ఇంటికి చేర్చాను, ఇంక వాడు కూడా నడవలేడు. ముప్పై ఏళ్లుగా నీ దగ్గు వినబడ్డాకే కదా నేను పుస్తకం మూసేది! నీ మొదటి పండగ కూర నేనూ తిన్నాను, దేవుడూ తిన్నాడు. మా ఇద్దరికీ మళ్లీ అంత ధైర్యం లేదు. నీకు గొంతు బాగానే ఉంటే, పోనీ అమ్మాయినైనా ఒకసారి దగ్గమను."